అద్దంలాంటి నాణెం మీద మచ్చలు ఎక్కడ పుడతాయి?

డబ్బా విప్పి, క్యాప్సూల్‌లోని కొత్త వెండి నాణేన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పితే రాజుగారి చెంప మీదో, పక్షి రెక్క మీదో ఒక తెల్లటి చుక్క కనిపిస్తుంది. నాణేలు సేకరించేవాళ్లకు ఇది బాగా తెలిసిన నిరాశ. చలామణిలో ఉన్న పది రూపాయల బిళ్ల మీద వంద గీతలున్నా ఎవరూ పట్టించుకోరు, దాని విలువంతా దాని మీది అంకెలోనే ఉంది. ప్రూఫ్ నాణెం సంగతి వేరు. అందులోని లోహం ధరకు ఎంతో పైన పెట్టి మనం కొనేది దాని ముఖాన్ని. ఆ ముఖానికే మచ్చ ఉంటే, డబ్బు పోసి కొన్నదేదో అది చేతికి రానట్టే.

అయితే మచ్చలన్నీ ఒక్కచోట పుట్టవు. కొన్ని అచ్చులో పుడతాయి, కొన్ని బిళ్లలు కడిగే తొట్టిలో, కొన్ని పెట్టెకు వేసిన జిగురులో, కొన్ని మన ఇంటి బీరువాలో. కొన్ని మొదటి రోజునే కనిపిస్తాయి. కొన్ని రెండు మూడేళ్లకు గానీ బయటపడవు. ఏ మచ్చ ఎక్కడిదో తెలిస్తేనే ఎవరిని అడగాలో తెలుస్తుంది. టంకశాలలో పుట్టిన మచ్చ ఎన్నాళ్లకు కనిపించినా అది టంకశాలదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే కాస్త లోహశాస్త్రంలోకి వెళ్లాలి.

ఈ ఫిర్యాదు నిన్న మొన్నటిది కాదు. అమెరికా టంకశాల 1916 తర్వాత ఆపేసిన ప్రూఫ్ నాణేల అమ్మకాన్ని 1936లో మళ్లీ మొదలుపెట్టింది. తొలి విడతలో వచ్చిన సెంట్లు, నికెల్ నాణేలు మసక మెరుపుతో ఉన్నాయి. మామూలు నాణేలకూ వాటికీ తేడా పెద్దగా తెలియలేదు. కొన్నవాళ్లు ఊరుకోలేదు. ఆ ఏడాది గడవకముందే టంకశాల పద్ధతి మార్చి, అద్దంలా మెరిసేలా కొట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ రెండు రకాలనూ వేర్వేరుగా వెతికి కొనేవాళ్లున్నారు.

ప్రూఫ్ అంటే నాణెం తయారుచేసే ఒక పద్ధతి. నాణ్యతకు వేసే మార్కు కాదు. కొత్తగా సేకరణలోకి వచ్చేవాళ్లకు ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పాలి. ప్రూఫ్ పద్ధతిలో కొట్టిన నాణేల్లోనూ మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. లోహపు పట్టీ నుంచి గుండ్రటి బిళ్లలు కత్తిరించి, కొలిమిలో కాచి మెత్తబరుస్తారు. అంచు లేపుతారు. సన్నటి ఉక్కు గుళ్లతోనో పింగాణీ గుళ్లతోనో ద్రవంలో దొర్లించి నునుపు చేసి, కడిగి ఆరబెడతారు. అవతల అచ్చు విడిగా తయారవుతుంది. బొమ్మ పడాల్సిన గుంటలను గరుకుగా చేస్తారు. పూర్వం ఇందుకు ఆమ్లం వాడేవారు, ఇప్పుడు సన్నటి రేణువులు చిమ్మడం, లేజర్ వంటి పద్ధతులు వచ్చాయి. బొమ్మ లేని ఖాళీ జాగాను వజ్రపు పొడి కలిపిన ముద్దతో ముఖం కనిపించేదాకా రుద్దుతారు. ఆ తర్వాత చేతికి తొడుగు వేసుకున్న మనిషి ఒక్కొక్క బిళ్లనే ప్రెస్‌లో పెడతాడు. ఒక్క దెబ్బతో పోదు. అమెరికాలో కనీసం రెండు దెబ్బలు, బ్రిటన్ రాయల్ మింట్‌లో ఆరు దాకా. ఇంత చేస్తేనే అచ్చులోని ప్రతి వెంట్రుకంత గీతా లోహంలోకి దిగుతుంది.

ఫలితం మనకు తెలిసిందే. ఖాళీ జాగా నల్లగా, లోతుగా మెరుస్తుంది. బొమ్మ దాని మీద మంచు పట్టినట్టు తెల్లగా తేలుతుంది. రెండూ ఒకే లోహం, తేడా అంతా గరుకుదనంలోనే. కదలని చెరువులో ఆకాశం స్పష్టంగా కనిపిస్తుంది, గాలికి అలలు రేగితే అదే నీరు తెల్లగా చెదిరిపోతుంది. నాణెం మీద జరిగేదీ ఇదే, కాకపోతే ఇక్కడ అలల ఎత్తు నానోమీటర్లలో ఉంటుంది. మన కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం దాదాపు 400 నుంచి 700 నానోమీటర్లు. ఉపరితలపు ఎత్తుపల్లాలు అంతకంటే బాగా తక్కువగా ఉంటే వెలుగు ఒకే దిక్కుకు తిరిగి వెళ్తుంది, మనం దాన్ని అద్దం అంటాం. ఎత్తుపల్లాలు ఎక్కువైతే వెలుగు అన్ని దిక్కులకూ చెదురుతుంది, అది తెల్లగా కనిపిస్తుంది.

ప్రూఫ్ నాణేనికి ఇదే అందం, ఇదే చిక్కు. నల్లటి అద్దం మీద ఒకటి రెండు మైక్రోమీటర్ల వెడల్పున్న గీత పడినా అది వెలుగును చెదరగొట్టి తళుక్కుమంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు. అందులో ముప్పయ్యో వంతు గీత కూడా కంటికి చిక్కుతుంది. మామూలు నాణెం దాచిపెట్టే ప్రతి లోపాన్నీ ప్రూఫ్ నాణెం బయటపెడుతుంది.

మా బాబాయి రిటైరయ్యాక వెండి నాణేల మీద పడ్డాడు. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, వేలు పోసి కొన్నానురా, మీద గీతలున్నాయి. ఎవరో వాడింది అంటగట్టారేమో, ఒకసారి వచ్చి చూసిపో" అన్నాడు. వెళ్లాను. టేబుల్ లైటు పక్కకు వంచి, వెలుగు ఏటవాలుగా పడేలా పెట్టి, భూతద్దంలో చూశాం. ఖాళీ జాగాలో ఒకే దిక్కుకు సాగే సన్నటి గీతలు గుంపుగా ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా అక్షరాల మీదికి ఎక్కలేదు, అక్షరం అంచు దగ్గర ఠక్కున ఆగి, అవతలి పక్క మళ్లీ మొదలయ్యాయి.

"ఇవి నాణెం మీద పడ్డ గీతలు కావు బాబాయ్, అచ్చు మీద పడ్డవి" అన్నాను.

"అదెలా చెప్తావురా?"

అచ్చులో అన్నీ తలకిందులుగా ఉంటాయి. నాణెం మీద ఎత్తుగా ఉండే అక్షరం అచ్చులో గుంట. నాణెం మీద పల్లంగా ఉండే ఖాళీ జాగా అచ్చులో ఎత్తయిన భాగం. అచ్చును మెరుగు పెట్టేటప్పుడు రాపిడి తగిలేది ఆ ఎత్తయిన భాగానికే, గుంటలోకి దిగదు. కాబట్టి మెరుగు గీతలు అక్షరం దగ్గర ఆగిపోతాయి. పైగా అచ్చు మీద లోతుగా పడ్డ గీత నాణెం మీద ఉబ్బుగా అచ్చవుతుంది. గుడ్డతో తుడిస్తే పడే గీతలు ఇందుకు పూర్తిగా వేరు. అవి లోతుగా దిగుతాయి, అక్షరాల నెత్తి మీది నుంచి కూడా పోతాయి. ఉబ్బో లోతో తేల్చడానికి దీపమే చాలు. దీపం వైపున్న అంచు మెరిసి అవతలి అంచు నీడగా ఉంటే అది ఉబ్బు. దీపానికి అవతలున్న అంచు మెరిస్తే అది లోతు.

అలా చూస్తుండగా అంచుకు దగ్గర్లో ఒక చిన్న వంపు గీత దొరికింది. కనురెప్ప వెంట్రుకంత పొడవు, రెండు కొసలూ నున్నగా, లోతుగా దిగి ఉంది. అది గీత కాదు, దారపు పోగు ముద్ర. బిళ్లను ఆరబెట్టిన గుడ్డ నుంచో, అచ్చు తుడిచిన గుడ్డ నుంచో ఒక పోగు ఊడి, అచ్చుకూ బిళ్లకూ మధ్య చిక్కుకుంది. దెబ్బ పడ్డప్పుడు ఆ పోగు వెండిలోకి దిగి, తర్వాత రాలిపోయింది, దాని ఆకారం మాత్రం మిగిలింది. 1950ల నాటి అమెరికా ప్రూఫ్ నాణేల మీద ఇలాంటి ముద్రలు విరివిగా కనిపిస్తాయి.

"అంటే లోపలే పడిందన్నమాట. మరి పంపేవాళ్లు చూసుకోరట్రా?" అన్నాడు బాబాయి.

న్యాయమైన ప్రశ్నే. చూస్తారు. ప్రూఫ్ నాణేన్ని ప్యాక్ చేసేముందు మనుషులే కంటితో పరీక్షిస్తారు. కానీ అద్దాన్ని పరీక్షించడం మామూలు వస్తువును పరీక్షించడం లాంటిది కాదు. అద్దంలో ముందు కనిపించేది దీపం, తర్వాత పరీక్షించేవాడి ముఖం, ఆ తర్వాతే లోపం. ఒక సన్నటి గీత ఏదో ఒక్క కోణంలోనే మెరుస్తుంది, నాణేన్ని ఒక డిగ్రీ తిప్పితే మాయమవుతుంది. బాబాయి నాణెం మీది పోగు ముద్రను పట్టుకోవడానికి మేమిద్దరం చాలాసేపు దాన్ని తిప్పుతూనే ఉన్నాం. అంత తీరిక తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు ఉండదు. కెమెరాలకూ ఇదే ఇబ్బంది. మెరిసే ఉపరితలం మీద లోపాన్నీ ప్రతిబింబాన్నీ వేరు చేయాలంటే అనేక దిక్కుల నుంచి వెలుగు వేసి, ప్రతిసారీ బొమ్మ తీసుకోవాలి. అలా చేయడం సాధ్యమే, కాకపోతే ఖర్చు, సమయం రెండూ పెరుగుతాయి. ప్రూఫ్ నాణేనికి వసూలు చేసే ధరలో ఆ ఖర్చుకు చోటుందనే నా అభిప్రాయం.

తనిఖీలో ఇంకో గుడ్డితనం ఉంది. గీతలు వెతికే కన్ను అక్షరాలను చదవదు. అమెరికాలో 1968 నుంచి ప్రూఫ్ నాణేలు శాన్‌ఫ్రాన్సిస్కోలో కొడుతున్నారు, వాటి మీద ఆ ఊరి గుర్తుగా 'ఎస్' అక్షరం ఉండాలి. ఆ రోజుల్లో అచ్చులు ఫిలడెల్ఫియాలో తయారయ్యేవి. ఒక్కొక్క అచ్చు మీదా ఆ అక్షరాన్ని చేత్తో కొట్టి పంపేవారు. కొన్ని అచ్చుల మీద కొట్టడం మరిచిపోయారు. అలా 1968, 1970, 1975, 1983 సంవత్సరాల డైములు, 1971 నికెల్ నాణెం కొన్ని 'ఎస్' లేకుండానే ప్రూఫ్ సెట్లలో ప్యాకై ఇళ్లకు చేరాయి. 1975లో 28 లక్షలకు పైగా సెట్లు అమ్మితే, ఇప్పటిదాకా అక్షరం లేని డైములు తేలినవి రెండే రెండు. వాటిలో ఒకటి 2011 వేలంలో 3,49,600 డాలర్లకు, మరొకటి 2024 అక్టోబరులో 5,06,250 డాలర్లకు పోయాయి. పది సెంట్ల నాణేలవి. చేతిపని వల్లే ఈ పొరపాట్లు వస్తున్నాయని గ్రహించి 1985 నుంచి ప్రూఫ్ నాణేలకు ఆ అక్షరాన్ని మూల అచ్చులోనే చేర్చారు. అయినా 1990లో ఫిలడెల్ఫియా కోసం చేసిన మామూలు సెంటు అచ్చు ఒకటి ప్రూఫ్ పనిలోకి దొర్లి, మళ్లీ 'ఎస్' లేని నాణేలు వచ్చాయి.

అచ్చు అరిగిపోవడం కూడా తనిఖీకి ఒక పరీక్షే. అచ్చులోని గరుకుదనం ప్రతి దెబ్బకూ కొంచెం నునుపు తేలుతుంది. ఆమ్లంతో గరుకు చేసిన పాత అచ్చుల మీద ఆ మంచుపొర కొద్ది దెబ్బలకే పోయేది. అందుకే 1950, 60ల నాటి ప్రూఫ్ నాణేల్లో తెల్లటి బొమ్మ, నల్లటి అద్దం రెండూ నిండుగా ఉన్నవి అరుదు, వాటి ధరా ఎక్కువే. ఇప్పుడు అచ్చులకు క్రోమియం వంటి గట్టి పూతలు వేస్తున్నారు కాబట్టి తేడా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఒకే ఏడాది ఒకే నాణెం రెండు కొని పక్కపక్కన పెట్టి చూడండి, ముక్కు మీద, భుజం మీద ఒకదానిలో మంచు పలచగా ఉండొచ్చు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బా విప్పిన రోజునే పట్టుకోగలిగే లోపాలు. నన్ను ఎక్కువగా బాధపెట్టేవి ఇవి కావు.

సేకరణదారులు పాల మచ్చలు అనే ఒక జబ్బు స్వచ్ఛమైన వెండి నాణేలకు పడుతుంది. 99.9 శాతం, 99.99 శాతం వెండి నాణేల మీద ఎక్కువగా చూస్తాం. పాలచుక్క ఎండిపోయినట్టు గుండ్రంగానో, ఒలికినట్టు అడ్డదిడ్డంగానో తెల్లటి మచ్చ తేలుతుంది. నాణెం కొన్నప్పుడు అద్దంలా ఉంటుంది. నెలలు గడుస్తాయి, ఒక్కోసారి ఏళ్లు. క్యాప్సూల్ విప్పకపోయినా, చెయ్యి తగలకపోయినా మచ్చ వస్తుంది. ఇల్లు మారినా, ఊరు మారినా, సేఫ్ లాకర్లో పెట్టినా వస్తుంది. అంటే దాని విత్తనం ఇంటికి రాకముందే నాణెంలో పడి ఉందన్నమాట.

ఆ విత్తనం ఏమిటన్నదానికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. బిళ్లలను నునుపు చేసే ద్రవం, కడిగే రసాయనం బిళ్ల మీది నుంచి పూర్తిగా పోకుండా ఎక్కడో ఒక చుక్క ఆరిపోతుంది. కొలిమి వేడికి అది వెండితో కలిసి గట్టిపడుతుంది, లేదా ప్రెస్ దెబ్బకు లోహపు పైపొరలోకి దిగుతుంది. అప్పటికి అది కంటికి కనిపించదు. తర్వాత గాలిలోని తేమతో మెల్లగా మార్పు చెంది, వెలుగును చెదరగొట్టే పొరగా తయారవుతుంది. వెండి మీద వచ్చే మామూలు నలుపును పోగొట్టే ద్రావకాలు దీని మీద పనిచేయవు. మచ్చ ఉపరితలంలోనే ఉంటుంది కాబట్టి దాన్ని గీకితే అద్దం కూడా పోతుంది.

ఇది ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు. కెనడా వెండి మేపుల్ లీఫ్ నాణేల విషయంలో ఫిర్యాదులు ఎక్కువగా వినిపించేవి. కెనడా రాయల్ మింట్ ఈ సమస్యను దాచిపెట్టలేదు. పరిశోధన చేసి, 2018లో మింట్‌షీల్డ్ అనే ఉపరితల రక్షణ పద్ధతిని ఆ నాణేలకు తెచ్చింది. అవి పెట్టుబడి కోసం కొనే నాణేలు, ప్రూఫ్ కావు. అయినా ఈ విషయం ఇక్కడ చెప్పడానికి కారణముంది. మచ్చ కొన్నవాడి నిర్వాకం కాదని, తయారీలో మార్పు చేస్తే దాన్ని తగ్గించవచ్చని ఒక పెద్ద టంకశాల చేతల్లో ఒప్పుకుంది. ఆ మాట మిగతా టంకశాలలకూ వర్తిస్తుంది.

బంగారానికి ఇలాంటివేమీ రావని మన నమ్మకం. బంగారం తుప్పు పట్టదు, నిజమే. కానీ 99.9 శాతం బంగారు నాణేల మీద కూడా ఎర్రటి, నారింజ రంగు మచ్చలు వస్తాయి. 22 క్యారెట్ల బంగారంలో రాగి కలుపుతారు కాబట్టి అక్కడ ఎర్రటి చుక్క కనిపిస్తే రాగి సరిగా కలవలేదని సరిపెట్టుకోవచ్చు. స్వచ్ఛమైన బంగారంలో ఆ రంగు ఎక్కడిది? ఇలాంటి మచ్చలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో, ఎక్స్ కిరణాల పద్ధతులతో పరీక్షించిన పరిశోధకులకు అక్కడ వెండి, గంధకం దొరికాయి. తయారీ దారిలో ఎక్కడో సన్నటి వెండి రేణువు బంగారం మీద అంటుకుంటుంది. వెండి నాణేలు చేసిన యంత్రాల మీదే బంగారపువీ చేస్తే అది అసాధ్యమేమీ కాదు. ఆ రేణువు గాలిలోని గంధకంతో కలిసి వెండి సల్ఫైడ్ పొరగా పరుచుకుంటుంది. పొర మందం పదుల నానోమీటర్లే. నీటి మీద నూనె చుక్కలో రంగులు తేలడానికి ఏది కారణమో ఇక్కడా అదే. పొర పైముఖం నుంచి, కిందిముఖం నుంచి వచ్చే వెలుగులు కలుసుకుని కొన్ని రంగులను బలపరిచి, కొన్నిటిని చెరిపేస్తాయి.

ఈ రంగుల సంగతి మన ఇళ్లలో తెలియంది కాదు. వెండి కుందులు, పంచపాత్ర మొదట లేత పసుపు, తర్వాత గోధుమ, నీలం, చివరకు నలుపు తిరుగుతాయి. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ వంద కోట్ల పాళ్లలో ఒకటి రెండు పాళ్లున్నా వెండికి చాలు. మురుగు కాలువ గాలి, ఉడికించిన గుడ్డు, ఉన్ని బట్ట, రబ్బరు బ్యాండు, కొన్ని రకాల అట్టలు, ఇవన్నీ గంధకం వదిలేవే. కాబట్టి నలుపుకు మన ఇల్లు కారణం కావచ్చు, టంకశాల పెట్టిన పెట్టె కూడా కారణం కావచ్చు. చెక్కపెట్టె, దానికి పూసిన జిగురు, లోపలి మఖ్మల్ గుడ్డకు వేసిన రంగు, ఇవి వదిలే ఆవిరి క్యాప్సూల్ అంచు సందులోంచి లోపలికి వెళ్తుంది. నలుపు అంచు చుట్టూ ఉంగరంలా మొదలై లోపలికి పాకుతుంటే ఆవిరి ఆ సందులోంచే వచ్చిందని అనుమానించాలి. పెట్టె అందం కోసం పెట్టిన శ్రద్ధ నాణెం ఆయుష్షు కోసం పెట్టకపోవడం నాకు మింగుడుపడదు.

ఇక్కడ మన తెలుగువాళ్లకు దగ్గరి సంగతి ఒకటి. ఎన్టీఆర్ శతజయంతి సందర్భంగా వంద రూపాయల స్మారక నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము విడుదల చేశారు. దాన్ని కొట్టింది హైదరాబాద్ టంకశాలే. నిజాం సికందర్ జా కాలంలో 1803లో మొదలై, 1903లో సైఫాబాద్‌కు, 1997లో చెర్లపల్లికి మారిన టంకశాల అది. ఆ నాణెం 44 మిల్లీమీటర్ల వ్యాసం, 35 గ్రాముల బరువు. లోహం 50 శాతం వెండి, 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు. కొత్త పార్లమెంటు భవనం ప్రారంభానికి తెచ్చిన 75 రూపాయల నాణెం కూడా ఇదే మిశ్రమం. అభిమానంతో కొన్నవాళ్లలో చాలామందికి ఇదే మొదటి స్మారక నాణెం. కొన్నాళ్లకు దాని రంగు మారితే "ఇది వెండేనా?" అన్న అనుమానం రావడం సహజం.

వెండే. కానీ సగం. కరిగిన స్థితిలో వెండీ రాగీ చక్కగా కలుస్తాయి, చల్లారేటప్పుడు మాత్రం విడిపోతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే వెండి ఎక్కువగా ఉన్న గింజలు, రాగి ఎక్కువగా ఉన్న గింజలు పక్కపక్కనే కనిపిస్తాయి. తేమ తగిలితే ఈ రెండు రకాల గింజలూ చిన్న బ్యాటరీలోని రెండు కొసల్లా ప్రవర్తిస్తాయి, రాగి వైపు ముందు మార్పు చెందుతుంది. అందువల్ల ఇలాంటి నాణేలు స్వచ్ఛమైన వెండి కంటే తొందరగా రంగు తిరుగుతాయి, పసుపూ గోధుమా కలిసిన ఛాయకు వెళ్తాయి. అది మోసానికి గుర్తు కాదు, ఆ మిశ్రమం స్వభావం. మరోవైపు పాల మచ్చల బెడద మాత్రం ప్రధానంగా స్వచ్ఛమైన వెండిదే.

రంగు మారిందని కంగారుపడి చింతపండు పట్టిస్తేనే అసలు నష్టం. వరలక్ష్మీ వ్రతానికి ముందు మన ఇళ్లలో వెండి సామాను చింతపండుతోనో విభూదితోనో తోమడం మామూలే, కలశానికి అది సరిపోతుంది. నాణేనికి కాదు. వెండి కాఠిన్యం మోహ్స్ కొలతలో రెండున్నర, మూడు మధ్య. ఇంటి దుమ్ములోని ఇసుక రేణువు కాఠిన్యం 7. మెత్తటి సిల్కు గుడ్డయినా సరే, దాని మీద ఒక్క రేణువుంటే అద్దం మీద వందల గీతలు పడతాయి. సోడా ఉప్పు, అల్యూమినియం రేకు చిట్కా రుద్దకుండానే పనిచేస్తుంది. అల్యూమినియం వెండి సల్ఫైడ్‌లోని గంధకాన్ని లాక్కుని వెండిని వెనక్కి ఇస్తుంది. కానీ తిరిగొచ్చిన ఆ వెండి గుల్లగా, మసకగా ఉంటుంది, అద్దం తిరిగి రాదు. దుకాణాల్లో దొరికే ముంచే ద్రావకాలు పైపొరను కరిగించేస్తాయి. రెండు మూడుసార్లు ముంచిన ప్రూఫ్ నాణేన్ని తెలిసినవాడు చూడగానే పట్టేస్తాడు. నల్లబడిన నాణేనికి ధర కొంత తగ్గుతుంది, తోమిన నాణేనికి బాగా పడిపోతుంది.

మెత్తటి ప్లాస్టిక్ కవర్ల గురించి ఒక్క హెచ్చరిక. వంగేటట్టు చేయడానికి పీవీసీలో కలిపే నూనెలాంటి పదార్థం కాలక్రమంలో బయటికి ఊరుతుంది, ప్లాస్టిక్ నుంచి ఆమ్లపు ఆవిరి కూడా వస్తుంది. రాగి ఉన్న నాణెం మీద అది ఆకుపచ్చటి జిగురుగా పేరుకుంటుంది. ఇది కనిపించిన వెంటనే నాణేన్ని అందులోంచి తీసి, గట్టి క్యాప్సూల్‌లోకి మార్చాలి. శుద్ధమైన అసిటోన్‌లో ముంచి తీస్తే ఆ జిగురు పోతుంది, రుద్దకూడదు.

గ్రేడింగ్ సంస్థలు ఇచ్చే 70 మార్కులు ఉంటే నాణెం నిర్దోషి అని చాలామంది ధీమా. విలియం షెల్డన్ 1949లో పాత అమెరికా సెంట్ల కోసం రాసిన 1 నుంచి 70 కొలమానం ఇది. ఎన్‌జీసీ సంస్థ నిర్వచనం ప్రకారం 70 అంటే, ఐదు రెట్లు పెద్దది చేసి చూసినప్పుడు తయారీ తర్వాత ఏర్పడిన లోపాలేవీ లేని నాణెం. ఇందులో "తయారీ తర్వాత" అన్న షరతును జాగ్రత్తగా గమనించాలి. అచ్చు మెరుగు గీతల్లాంటి తయారీలో పుట్టిన లోపాలను ఆ నిర్వచనం లెక్కలోకి తీసుకోదు. పైగా ఆ మార్కు పరీక్ష జరిగిన రోజుకే చెల్లుతుంది. గట్టి ప్లాస్టిక్ పలకలో సీలు చేసిన 70 మార్కుల నాణెం మీద తర్వాత పాల మచ్చలు రావడం సేకరణదారులకు కొత్త కాదు.

కాబట్టి డబ్బా వచ్చిన రోజునే పని మొదలవుతుంది. క్యాప్సూల్ విప్పకుండా ఏటవాలు వెలుగులో నాలుగు దిక్కుల నుంచి రెండు ముఖాలనూ ఫొటో తీసి పెట్టుకోండి. గీత క్యాప్సూల్ మీద ఉందా, నాణెం మీద ఉందా తేల్చుకోవడానికి నాణేన్ని క్యాప్సూల్లోనే కొద్దిగా కదిలించండి, గీత కదలకపోతే అది ప్లాస్టిక్‌దే. దారపు పోగు ముద్ర, అంచు దెబ్బ, వేలిముద్ర కనిపిస్తే గడువు లోపలే వెనక్కి పంపండి, సర్దుకుపోనక్కర్లేదు. ముఖ్యంగా వేలిముద్రను వదలొద్దు. ఈరోజు లేత మసకలా ఉన్నది, చెమటలోని ఉప్పు పనిచేస్తూ పోతే, ఏడాదికల్లా లోహంలో చెక్కినట్టు దిగబడుతుంది.

ఇక పాల మచ్చలు, బంగారం మీది ఎర్ర మచ్చలు. వీటికి వాపసు గడువు రోజుల్లో ఉంటుంది, మచ్చ రావడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది. కొన్నవాడు ఎంత జాగ్రత్తపరుడైనా గడువులోపల దాన్ని పట్టుకోలేడు, ఎందుకంటే అప్పటికి అది కనిపించే స్థితిలోనే లేదు. బిళ్లలు ఏ విడతలో కడిగారో, ఏ రోజు కొట్టారో టంకశాల దగ్గర లెక్క ఉంటుంది. ఒకే విడత నాణేల మీద ఒకే రకం మచ్చలు వస్తున్నాయని తేలితే, క్యాప్సూల్ విప్పని నాణేలకు గడువుతో పనిలేకుండా మార్చి ఇవ్వడం కష్టమేమీ కాదు. ఆ విడత సంఖ్యను ధ్రువపత్రం మీద ముద్రిస్తే కొన్నవాడికీ ఆధారం ఉంటుంది. ప్రస్తుతం మన చేతికొచ్చే ధ్రువపత్రంలో బరువు, వ్యాసం, లోహపు పాళ్లు వంటివి చూస్తాం. ఆ వరుసలో బిళ్లలు కడిగిన తేదీ కూడా చేరాలి.